గీకేసిన తేదీ

ప్రతి శనివారం పొద్దున్నే చీపురు కర్రతో పైకప్పుకున్న విషవాయువు అలారం మీట నొక్కి చూడడం లెరాయ్ పని. ఆయన చనిపోయాక, ఈ చలికాలం నుంచి ఆ కర్ర భార్య మార్లిస్ చేతికొచ్చింది. అమెరికా ఉత్తరాన ఉన్న డులూత్ ఊరి చలికి ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ రాత్రింబవళ్లు మండాల్సిందే; దాని పొగ ఇంట్లోకి కారితే విషమే. కింది గదుల్లోకి చంటిపిల్లతో ఒక నర్సు అద్దెకు వస్తోంది. అక్కడి అలారానికి కాలం చెల్లిందని, కొత్తది బిగించమని మార్లిస్ తన మరిది వెర్లిన్‌ను పిలిచింది. పాత ఇళ్లు కూలగొట్టడం వెర్లిన్ పని. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఆమె పూలకుండీలోనే ఉమ్ముతూ, అతను కరెంటు మెయిన్ ఆపి, తీగల నుంచి పాతది ఊడదీశాడు. సంచిలోంచి తీసిన కొత్తదేమో సిగరెట్ పొగకు పసుపెక్కి ఉంది. లోపల ఎండిన సాలీడు. వెనక తేదీ ఉండాల్సిన చోట అప్పుడే మేకుతో గీకిన గీతలు.

"ఏ కొంపలోంచి పీక్కొచ్చావు దీన్ని?"

"మీట నొక్కితే కూస్తోందిగా వదినా. ఇంకేం, పాట కూడా పాడాలా?"

కూత ఎన్నాళ్లయినా ఉంటుందని, వాసనలేని ఆ వాయువును పసిగట్టే శక్తే పదేళ్లకు చచ్చిపోతుందని లెరాయ్ ఈ తమ్ముడి ఎదుటే వందసార్లు చెప్పాడు.

"నిచ్చెన ఊగుతోంది, కాస్త పట్టుకో," అన్నాడు వెర్లిన్ మూడో మెట్టు మీంచి.

మార్లిస్ రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని, నిచ్చెనకు దూరంగా గోడవైపు జరిగి నిలబడింది.