నలభై నిమిషాల ఎండ

ఉదయం ఏడూ పది నుంచి ఏడూ యాభై వరకు, సరిగ్గా నలభై నిమిషాలు. నాంపల్లి స్టేషనుకు మూడు వందల నలభై అడుగుల దూరంలో మేము అద్దెకున్న ఇంటి డాబా. తూర్పు పిట్టగోడకు నాలుగడుగుల ఇవతల ఒక నవారు మంచం. మా అక్కయ్యను దాని మీద కూర్చోబెట్టి, మోకాళ్లకు, మణికట్లకు, వేళ్ల కణుపులకు నువ్వుల నూనె పట్టించి, గడియారం చూసి సమయం రాసుకునేదాన్ని. 1964 చివరి నుంచి రెండేళ్లలో, వానలు, మబ్బులు, ఊరి ప్రయాణాలు పోగా రెండు వందల పన్నెండు ఉదయాలు అలా గడిచాయి.

నేను లక్డీకాపూల్ దగ్గర ఒక నీటి పరీక్షాశాలలో రసాయన సహాయకురాలిని. అక్కయ్య నాంపల్లిలోనే బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పేది. నాన్నగారి బదిలీతో 1957లో కోస్తా నుంచి వచ్చాము. ఆయన పదవీ విరమణ చేసి ఊరికి వెళ్లిపోయాక, ఉద్యోగాల కోసం మేమిద్దరం ఇక్కడే ఉండిపోయాము.

ఆమెకు ఇరవై ఏడో ఏట మొదట వేళ్లు బిగిశాయి. సుద్దముక్క పట్టుకోలేకపోయేది. తరువాత సాయంత్రపు జ్వరం, జుట్టు రాలడం, రెండు చెంపల మీదా ముక్కు మీదుగా కలిసిపోయిన ముదురు నల్లని మచ్చ. మా వాళ్లందరూ దాన్ని మంగు అన్నారు. మిగిలిన వాటికి కారణం అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ రోజుల్లో కోస్తా నుంచి తరలివచ్చిన కుటుంబాల్లో ఎవరికి ఆకలి మందగించినా, ఎవరి జడ సన్నబడినా ఒకటే తీర్పు: ఇక్కడి నీళ్లు పడలేదు.

ఇంటి యజమానురాలు పాతకాలపు హైదరాబాదు మనిషి. ఆమెకు ఈ మాట వింటే ఒళ్లు మండేది.

"గండిపేట నీళ్లు తాగినోళ్లు ఊరిడిసి పోరంటరు. మీకే పడలేదా? గా నీళ్లేం పాపం జేసినయ్ బిడ్డా?"

ఒకనాడు బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వచ్చి, మంచం ముందు నిలబడిపోయింది.

"ఏందమ్మా, పిల్లను గిట్ల అప్పడం లెక్క ఎండవెట్టినవ్?"

"అప్పడాన్నయితే ఈపాటికి ఎత్తి డబ్బాలో పెట్టేవారు పిన్నిగారూ," అంది అక్కయ్య. "నన్ను ఇంకా ఇరవై నిమిషాలు ఉంచాలట. మా చెల్లి గడియారం ఒప్పుకోవాలిగా."

"నవ్వకు. జర నీడకు రా. ఎండ తాకినంక మొఖం ఇంక నల్లగైతున్నది. నేను రోజూ జూస్తలేనా?"

ఉదయపు ఎండ ఎముకలకు మంచిదని, అందులో విటమిన్ ఉంటుందని నేను వివరించాను.

"నీ విటమిన్ నాకెర్కలే. నా కండ్లకు కనవడ్డది జెప్పిన," అని ఆమె బట్టలు విదిలించింది.

నేను పట్టించుకోలేదు. నా దగ్గర ఆధారం ఉంది. నోటు పుస్తకంలో అయిదు గడులు గీశాను: తేదీ, ఎండలో నిమిషాలు, కుళాయి నీటి కాఠిన్యం, నొప్పి ఉన్న కీళ్ల సంఖ్య, ముఖం. వారానికొకసారి మా ఇంటి నీటిని నేనే పరీక్షించేదాన్ని. వేసవిలో కాఠిన్యం పెరిగింది, నొప్పులూ పెరిగాయి. జులైలో కొత్త నీరు చేరి కాఠిన్యం పడిపోయింది, నొప్పులూ తగ్గాయి. రెండో ఏడూ అంతే. గ్రాఫు కాగితం మీద రెండు గీతలూ జంటగా నడిచాయి. ఆ కాగితాన్ని చూసుకుని నేను సంతోషించాను కూడా.

సెలవుల్లో నీటి మార్పు కోసం ఆమెను ఊరికి పంపితే, కాలువ గట్ల మీద తిరిగి మరింత పాడై వచ్చింది. అది ప్రయాణపు బడలిక అని పుస్తకం అంచున రాశాను.

ఈలోగా వైద్యులు నలుగురయ్యారు. మొదటివారు అబిడ్స్‌లో. ఇంటి నుంచి అక్కడికి మొదట్లో పద్నాలుగు నిమిషాలు నడిచేవాళ్లం. మరుసటి ఏడాది అదే దారికి ముప్పై ఒకటి పట్టింది. కీళ్లవాతం అన్నారు ఆయన. మరొకరు క్షయ అనుమానించారు. ఒకరు రక్తం తక్కువన్నారు. చర్మ వైద్యుడు కుష్ఠేమోనని, స్పర్శ పోయిందేమో చూడటానికి మచ్చ మీద సూదితో గుచ్చారు.

"కెవ్వుమన్నాను," అంది అక్కయ్య రిక్షాలో. "ఆయన ఎంత సంబరపడ్డాడో! నొప్పి పుట్టినందుకు నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి."

1966 చివర్లో ఆమె పాదాలు వాచాయి. యజమానురాలే మందలించింది: "ఇంక డాబా గీబా బంద్. దవాఖానల ఒక పెద్ద డాక్టరున్నడు, సోమవారం వస్తడు. తోల్కపో."

ఆ డాక్టరు ఎక్కువ ప్రశ్నలు వేయలేదు. పరీక్ష నాళికలో మూత్రం పోసి వేడి చేశారు. కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. రోజంతా అవే నాళికలతో పనిచేసే నాకు ఆ పరీక్ష తెలుసు: మూత్రంలో మాంసకృత్తులు పోతున్నాయంటే మూత్రపిండాలు చెడుతున్నట్లే. రెండేళ్లలో ఒక్కసారీ చేయలేదు. నీళ్లను మాత్రమే పరీక్షించాను.

తరువాత ఆయన నా నోటు పుస్తకం అడిగి తీసుకున్నారు. ఆయన వేలు నీటి గడిని దాటి, ఎండ గడి మీద ఆగింది. అంచున రాసినది చదివి, ఊళ్లో ఏం చేసేదానివని అక్కయ్యను అడిగారు.

"వానాకాలంలో ఈ గడి ఖాళీ. ఊళ్లో ఎండకు తిరిగింది, ముదిరింది. అమ్మా, వాన మీ నీటినీ మార్చింది, ఈమెను ఎండ నుంచీ తప్పించింది. మీరు మొదటిదే చూశారు."

రక్తం తీసి, పది రోజులకు జబ్బు పేరు చెప్పారు: లూపస్. శరీరపు రక్షణ వ్యవస్థ శరీరాన్నే పరాయిదనుకునే జబ్బు. ఎండ తగిలితే రేగుతుంది. వైద్య గ్రంథం తెరిచి రంగుల బొమ్మ చూపించారు. తెల్లజాతి స్త్రీ ముఖం, చెంపల మీద ఎర్రగా సీతాకోకచిలుక ఆకారం.

"మేమంతా ఈ బొమ్మతోనే చదువుకున్నాం. ఎరుపు కోసం వెతుకుతాం. మీ అక్కగారి చామనఛాయ మీద ఎరుపు ఎక్కడ కనపడుతుంది? నలుపే కనపడుతుంది. మంగు అనుకుంటాం."

"మన దేశంలో ఇది అరుదని ఇందులో రాశారు కదండీ?" అన్నాను.

"ఎవరు లెక్కపెట్టారమ్మా? అమెరికాలో నల్లజాతి స్త్రీలకు ఎక్కువని, తీవ్రంగానూ వస్తుందని ఇప్పుడు చెబుతున్నారు. అక్కడా మొదట తెల్లవాళ్ల జబ్బే అనుకున్నారు. మన సంగతి ఎవరూ చూడలేదు."

ఆ జవాబు నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. నీటిలో ఇనుము లేదని నేను సంతకం పెట్టాలంటే ముందు పరీక్ష చేసి ఉండాలి. చేయకుండా 'లేదు' అని రాస్తే నా ఉద్యోగం పోతుంది. ఒక దేశపు స్త్రీల గురించి మాత్రం అలా రాయవచ్చునన్నమాట. ఇక్కడి మా నీటి తీర్పు కూడా అటువంటిదే. మనుషుల మీద ఊరి ముద్ర వేసి, వెతకడం మానేశాము. నేనైతే వెతికినట్లు గ్రాఫు కూడా గీశాను.

ఆ రోజు తిరిగివస్తూ అక్కయ్య మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీమ్ కావాలంది. గొడుగు పట్టాను.

"రెండేళ్లు ఎండబెట్టి ఇప్పుడు గొడుగా?" అంది. నవ్వుతూనే అంది. కోపంగా అరిచి ఉంటే బాగుండేదనిపించింది.

స్టెరాయిడ్ మాత్రలతో వేళ్లు విడివడ్డాయి. పొడుగు చేతుల రవికె, గొడుగు, కిటికీకి దూరంగా బల్ల. పదకొండు నెలలు మళ్లీ లెక్కలు చెప్పింది. మూత్రపిండాలు మాత్రం అప్పటికే చెడిపోయి ఉన్నాయి.

నవారు మంచాన్ని యజమానురాలే డాబా మీద నుంచి దింపించింది.

మొత్తం ఇది. వైద్యులు అయిదుగురు. పేరు తెలియడానికి పట్టినది రెండేళ్ల రెండు నెలలు. నీటి పరీక్షలు నూట నాలుగు. నా చేతులతో ఎండలో కూర్చోబెట్టినది ఎనిమిది వేల నాలుగు వందల ఎనభై నిమిషాలు, అంటే నూట నలభై ఒక్క గంటల ఇరవై నిమిషాలు. పోయినవి: సగం జుట్టు, ఆమె ఉద్యోగం, రెండు మూత్రపిండాలు, 1969లో అక్కయ్య. అప్పటికి ఆమె వయసు ముప్పై రెండు.