పెయింటు బకెట్టూ, పక్కగది మగ్గమూ

మంగళగిరి చరిత్ర ఎవరైనా సమగ్రంగా రాయదలిస్తే, శిలాశాసనాల తర్వాతి అధ్యాయాన్ని పానకాలు చిత్రిక పట్టే పద్ధతికి కేటాయించక తప్పదు. కరెంటాఫీసులో రిటైరయ్యాక ఇంట్లోనే వడ్రంగం మొదలెట్టిన ఈ పెద్దమనిషి, పక్కగదిలో భార్య రాజేశ్వరి మగ్గం టక్కుమంటేనే చిత్రిక ముందుకు తోసేవాడు. మగ్గం ఆగితే చిత్రికా ఆగేది. తెగిన దారాన్ని ఆమె ముడేసుకుంటున్నంతసేపూ చెక్క మీద చెయ్యి ఆనించి, సంతాపసభలో లాగా మౌనం పాటించేవాడు. పీటలు వంకరపోయాయేమో గానీ తాళం మాత్రం ఏనాడూ తప్పలేదు.

తర్వాత కుడిభుజం పట్టేసింది. చిత్రిక ముట్టుకోవద్దన్నాడు బ్రాడీపేట డాక్టరు. పానకాలు శాండింగ్ మిషన్ కొన్నాడు. అది సన్నగా గుర్రుమనేది, దాని మీదుగా మగ్గం వినిపిస్తూనే ఉండేది. చిక్కల్లా దుమ్ముతో వచ్చింది. మెత్తటి టేకు దుమ్ము తలుపు సందుల్లోంచి వెళ్లి మగ్గానికి బిగించిన తెల్లటి పడుగు దారాల మీద కూర్చుంది. చీరలు కొనే షావుకారు మడత విప్పి, "పసుపు మిల్లులో నేశావా అమ్మా?" అని వెనక్కిచ్చేశాడు.

రాజేశ్వరి పోట్లాడలేదు. పోట్లాడినా బాగుండేది. తన మగ్గానికి ప్లాస్టిక్ పట్టా కప్పి, పొద్దున్నే క్యారేజీ కట్టుకుని, పక్కవీధిలో అక్క రాఘవమ్మ ఇంట్లో ఖాళీగా ఉన్న మగ్గం మీద నేయడానికి వెళ్లసాగింది. సాయంత్రానికి ఇంటికొచ్చేది. మనిషి ఎక్కడికీ పోలేదు. చప్పుడే పోయింది.

పానకాలుకి పగలు గడవడం కష్టమైపోయింది. ఓ రోజు కొబ్బరి పచ్చడి ఎక్కడ పెట్టావని అడిగే నెపంతో వెళ్లి, ఆ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అడిగారుగా మరిదిగారూ, గట్టు మీదుందని చెప్పిందిగా. ఇంకా నిలబడ్డారేం?" అంది రాఘవమ్మ.

"ఏం లేదు వదినా. ఎండగా ఉందని."

"మబ్బేసి ఉంటేనూ!"

ఆ మర్నాడే కిటికీకి ఎగ్జాస్టు ఫ్యాను బిగించాడు. దుమ్మంతా శుభ్రంగా వీధిలోకి పోయింది. వీధిలో పక్కింటి నేతగాడు కోటేష్ పడుగు పొడుగ్గా చాపి, అప్పుడే గంజి పట్టించి ఉన్నాడు.

"ఏం పానకాలన్నా! గంజికి పోపు కూడా పెడుతున్నావా?" అని అరిచాడు కోటేష్.

మగ్గాల వీధిలో పుట్టి పెరిగి, వీధిని ఖాళీ జాగా అనుకున్న తొలి మానవుడిగా పానకాలు ఆ పూటంతా పడుగు కడిగాడు.

రెండో పథకం బకెట్టు. శాండింగ్ మిషన్‌కీ వాక్యూమ్ క్లీనర్‌కీ మధ్య మూత బిగించిన పెయింటు బకెట్టు పెట్టి, గొట్టాలు కలిపాడు. గాలి అందులో సుడి తిరుగుతుంది, పొట్టు అడుక్కి రాలుతుంది, ఉత్త గాలి ముందుకు పోతుంది. మొదటిసారి గొట్టం పూడుకుపోయి, బకెట్టు డొక్కలు లోపలికి పీక్కుపోయాయి. దాన్ని ఇంకో బకెట్టులో దించి బలమిచ్చాడు.

పరీక్షాధికారి రాజేశ్వరే. గంజి పెట్టిన తెల్లగుడ్డ ఒకటి తన మగ్గం మీద పరిచి వెళ్లింది. పగలంతా పానకాలు చెక్కలు నునుపు చేశాడు. సాయంత్రం ఆమె కళ్లజోడు పెట్టుకుని గుడ్డని వెలుతురుకి పట్టి చూసింది.

"ఊఁ," అంది.

"ఊఁ అంటే?"

"రేపట్నించి ఇక్కడే నేస్తానండీ. అక్కకి చెప్పొస్తా."

కొత్త పడుగు ఎక్కించి, రాజేశ్వరి మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుంది. పక్కగదిలో పానకాలు మంచి టేకు పలక బల్ల మీద పెట్టి, చొక్కా సర్దుకుని, స్విచ్చి వేసి, చెవి తలుపు వైపు తిప్పాడు.

వాక్యూమ్ క్లీనర్ తిరుగుతుంటే మగ్గం చప్పుడు వినపడదు.