నేవీ అంటే నావే అనుకున్న మామ్మ

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూంటే, వట్లూరులో కాలేజీ చదువుతున్న మా మనవరాలు ఏదో పోటీ పరీక్షకని ఫోనులో ఒక ఇంగ్లీషు పాఠం పెట్టుకుని పైకి చదువుతోంది. ఐర్లాండు దేశంలో ఒక గొప్ప జమీందారీ కుటుంబమట. పెద్దకొడుకు సైన్యంలో జనరలు, రెండోవాడు నౌకాదళంలో అడ్మిరలు, మూడోవాడు పార్లమెంటు సభ్యుడు, మళ్ళీ వాళ్ళ కొడుకులూ మనవలూ తరతరాలుగా అదే వరస. నాకు నవ్వాగలేదు. చేతిలో చిక్కుడుకాయ పక్కన పడేసి మరీ నవ్వాను. పిల్ల బెదిరిపోయింది పాపం, ఇందులో నవ్వడానికేముందో దానికెలా తెలుస్తుంది? అచ్చం అలాంటి కుటుంబాన్నే తాడేపల్లిగూడెం పక్కన మా పల్లెలో, మా పెంకుటింట్లో తయారుచెయ్యాలని మా తాతయ్య కంకణం కట్టుకున్నారనీ, ఆ సంరంభంలో నేను కూడా ఒక పాపం మూటగట్టుకున్నాననీ దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

మా వైపు పల్లెల్లో ఇంటికొకరు మిలిటరీకి వెళ్ళడం మీలో చాలామందికి తెలిసిందే. పెద్ద యుద్ధం రోజుల్లో మా తాతయ్యా అలాగే వెళ్ళి, ఎక్కడో ఎడారిలో ఒక ఐరిష్ మేజరు దగ్గర ఆర్డర్లీగా కుదిరి, ఆయన బూట్లకు పాలిష్ పెడుతూ, టీ కాస్తూ ఆ యుద్ధమంతా గడిపేశారు. ఆ దొర ఇంటిపేరుకు ముందు ‘ఓ’ అని ఒక అక్షరం ఉండేదట. పిలవకుండానే పిలిచినట్టుంటుంది ఆ పేరు అని తాతయ్య తెగ ముచ్చటపడేవారు. ఆ ‘ఓ’ తర్వాత మిగిలిన పేరు మాత్రం ఆయన నోట్లో రోజుకో రకంగా తిరిగేది, అంచేత మా మనవరాలి పాఠంలోని కుటుంబం వాళ్ళదేనో కాదో నేను చెప్పలేను. దొర వచ్చీరాని హిందీలో తన ఇంటి సంగతులు చెప్పేవాడట. నాన్నా తానూ సైన్యం, అన్న నౌకాదళం, చిన్నాన్న పార్లమెంటు. విన్నదాంట్లో సగం అర్థమై సగం కాక తాతయ్య బుర్రలో ఒక్కటి మాత్రం గట్టిగా నాటుకుపోయింది. నేల మీద ఒకరు, నీళ్ళ మీద ఒకరు, సభలో ఒకరు. పెద్దింటి లక్షణం అంటే అదీ అని.

తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఆయనకున్నది ఇద్దరే కొడుకులు. పెద్దవాడైన మా నాన్నకు నేల రాసిపెట్టారు, నాన్న సైన్యంలో చేరి ఉత్తరాది దండులో ఉండేవారు. రెండోవాడైన మా బాబాయికి నీళ్ళు. సభకు మనిషి చాలకపోయేసరికి ఆ భారం తాతయ్యే నెత్తినేసుకుని పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడ్డారు. మొదటిసారి ఓట్లడగడానికి వెళ్ళి ప్రతి గుమ్మం ముందూ అటెన్షన్‌లో నిలబడితే, ఆ వాలకం చూసి జప్తుకొచ్చారనుకుని కొందరు తలుపులేసుకున్నారని మామ్మ చెప్పి చెప్పి నవ్వేది. రెండోసారి ఎలాగో గెలిచారు. ఆ పదవీకాలంలో ఆయన చేసిన ఘనకార్యం మా వీధి చివరి తూము, దాని మీద నుంచి ఇప్పటికీ ట్రాక్టర్లు వెళుతూనే ఉన్నాయి.

ఇక మామ్మ సంగతి. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. పుట్టింట్లో పెళ్ళికైనా పేరంటానికైనా నావ మీదే ప్రయాణం, ఆవిడ తమ్ముడికి సొంత నావ ఉండేది, ధాన్యమూ మనుషులూ దాని మీదే ఒడ్డుకు చేరేవారు. మామ్మకు చదువు రాదు. నాన్న దగ్గర నుంచి ఉత్తరం వస్తే తాతయ్య చేతికి ఇవ్వనిచ్చేది కాదు, “మగాళ్ళు చదివితే సగం మింగేస్తారే, నువ్వు చదువు బంగారం” అని నాకే ఇచ్చేది. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ హోదాకి నేనెంత మిడిసిపడేదాన్నో! నాన్న సైన్యంలోకి వెళ్ళిననాడు మామ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదట, రెండోవాణ్ణి నీ మాట లేకుండా ఎక్కడికీ పంపను అని తాతయ్య ఆవిడకు మాటిస్తే గానీ కంచం ముందుకు రాలేదట.

బాబాయి స్కూలు చదువు అయిపోగానే తాతయ్య గుట్టుచప్పుడు కాకుండా నేవీకి దరఖాస్తు పెట్టించారు. విశాఖపట్నం రమ్మని ఇంగ్లీషులో కబురొచ్చింది. తాతయ్య పట్టలేని సంతోషంతో నడిమింట్లోకి వచ్చి “వీడికి నేవీలో ఉద్యోగం” అన్నారు. మామ్మ మొహం విప్పారింది. నావలోనా అంది. తాతయ్య నోరు తెరిచి, ఏమనుకున్నారో మళ్ళీ మూసేసుకున్నారు. ఆ రోజుల్లో గవర్నమెంటు వాళ్ళు రోజుకో కొత్త ఆఫీసు పెడుతుండేవారు కదా, కొల్లేట్లో కూడా నావల ఆఫీసు పెట్టి ఉంటారని మామ్మ తనంతట తనే అనేసుకుంది. అయినా ఒక్కసారి రూఢి చేసుకుందామని ఆ కాయితం తెచ్చి నా చేతిలో పెట్టి, “ఎక్కడే ఉద్యోగం?” అనడిగింది. నేను తాతయ్య వంక చూశాను. ఆయన కళ్ళతోనే బతిమాలారు. అంతటి మనిషి నన్ను బతిమాలడం అదే మొదలు.

“కొల్లేరు మామ్మా” అన్నాను.

అంతే, ఒక్క మాట. మామ్మ నా తల నిమిరి, నా నోట్లో ఇంత బెల్లం ముక్క పెట్టి, వీడు వెళ్ళడానికి నాకే అభ్యంతరమూ లేదండీ అని తాతయ్యతో చెప్పేసింది. ఆ బెల్లం తీపి కూడా తెలియలేదు నాకు.

మర్నాడే మామ్మ బాబాయిని వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. ఏలూరు దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, ఆపైన పడవ. మీ మేనల్లుడు కూడా నావ మీదే ఉద్యోగం చేస్తాడర్రా అని అందరికీ చెప్పుకుని కొర్రమీను కూర వండించిందట. ఆవిడ తమ్ముడు గడ పక్కన పెట్టి, “కొల్లేట్లో గవర్నమెంటు నావ ఎక్కడుందక్కా, నాకు తెలియకుండా?” అన్నాడట. మామ్మ బాబాయి వంక తిరిగింది. బాబాయి తల దించుకుని సముద్రం, యుద్ధనౌకలు అన్నీ చెప్పేశాడు.

తిరిగొచ్చిననాడు మామ్మ కాళ్ళు కడుక్కుని, ఆ కాయితం తెచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, “ఇప్పుడు ఉన్నదున్నట్టు చదువమ్మా” అంది. బంగారం అనలేదు. నేను వెక్కుతూ, ఒక్కొక్క ఇంగ్లీషు ముక్కకీ నాకు చేతనైన తెలుగు చెబుతూ చదివాను. కొల్లేరు అన్న మాట అందులో ఎక్కడా లేదు. అయిపోయాక ఆవిడ నన్నేమీ అనలేదు, నా ముక్కు తన చెంగుతో తుడిచి లోపలికి వెళ్ళిపోయింది. దెబ్బలు తిన్నా బాగుండేదనిపించింది.

అప్పుడు తాతయ్య వచ్చి దొర కుటుంబం కథంతా మళ్ళీ మొదలుపెట్టారు, నేల మీద ఒకరు, నీళ్ళ మీద ఒకరు, సభలో ఒకరు అంటూ. మామ్మ చివరిదాకా విని, “ఏవండీ, ఆ దొరగారి అమ్మనెవరైనా అడిగారా అండీ?” అంది.

అన్నేళ్ళుగా ఆ కుటుంబాన్ని మాకు కథలు కథలుగా చెప్పినాయన ఒక్కసారైనా ఆ తల్లి ప్రస్తావన తేలేదని నాకప్పుడే తట్టింది. మొన్న మా మనవరాలి చేత ఆ పాఠమంతా పై నుంచి కిందికి మళ్ళీ చదివించాను. జనరళ్ళున్నారు, అడ్మిరళ్ళున్నారు, వాళ్ళ పతకాలున్నాయి, గుర్రాల సంగతి కూడా ఉంది. అమ్మ లేదు.

మామ్మ మూడు రోజులు ఆలోచించింది. నాలుగోనాడు బాబాయిని పిలిచి, నీకు వెళ్ళాలని ఉందా అనడిగింది. చోద్యం చూడండి, అప్పటిదాకా బాబాయిని కూడా ఎవరూ అడగలేదు! బాబాయి నెమ్మదిగా ఉందమ్మా అన్నాడు. నరసాపురం దగ్గర ఒక్కసారి సముద్రం చూశాడట, అప్పట్నుంచీ అదే ధ్యాసట. అయితే వెళ్ళు అంది మామ్మ, కానీ రెండు షరతులు పెట్టింది. ఈత రానివాడు ఓడెక్కడానికి వీల్లేదు గనుక బయలుదేరేలోగా తన తమ్ముడి దగ్గర కొల్లేట్లో ఈత నేర్చుకోవాలి. తల్లిదండ్రుల సమ్మతి కాయితం మీద తాతయ్య సంతకం పక్కన తన సంతకం కూడా ఉండాలి, అదీ వేలిముద్ర కాదు, సంతకం.

ఆ సంతకం నేర్పమని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. కొల్లేట్లో బాబాయి నీళ్ళు తాగుతుంటే, ఇక్కడ అరుగు మీద మామ్మ నా పలక మీద కుస్తీ పడుతుండేది. ఆవిడ పేరులో ఒక వత్తుంది, అది కింద ఉండనని మొరాయించి పక్కకు పారిపోయేది, దీని దుంపతెగా అని తిట్టుకుంటూ చెరిపి మళ్ళీ రాసేది. ఆఖరికి కాయితం మీద, చూపించిన గీత వదిలేసి అంచున, ఇంతింత అక్షరాలతో పేరు రాసింది. అది చూసి విశాఖపట్నంలో ఆఫీసరు నవ్వాడట, కానీ లేచి నిలబడి నవ్వాడని బాబాయి చెప్పాడు. తాడేపల్లిగూడెం స్టేషనులో బాబాయి రైలెక్కుతుంటే మామ్మ ఏడవలేదు, ఏడ్చిందల్లా తాతయ్యే.

సంతకంతో ఆగలేదు ఆవిడ. గుణింతాలన్నీ నేర్పించుకుంది. ఏడాది తిరిగేసరికి నాన్న ఉత్తరమూ బాబాయి ఉత్తరమూ తనే కూడబలుక్కుని చదువుకోవడం మొదలుపెట్టింది. బాబాయి పూర్తికాలం సర్వీసు చేసి క్షేమంగా వచ్చాడు, ఇప్పటికీ విశాఖపట్నంలో రోజూ బీచిలో నడుస్తాడు. నేను ఏలూరులో టీచరునై వందలమంది పిల్లలచేత వత్తులు దిద్దించాను. తలుచుకుంటే అన్నీ మంచిగానే జరిగాయి, నాకు ఏ లోటూ లేదు.

మామ్మకు చివరి రోజుల్లో చూపు మందగించింది. ఒకసారి బాబాయి ఉత్తరం దీపానికి దగ్గరగా పెట్టుకుని అవస్థ పడుతుంటే చూడలేక, నేను చదివిపెడతానియ్యి మామ్మా అన్నాను. అప్పటికి నాకు పెళ్ళయింది, ఒక పిల్ల కూడా. ఆవిడ ఎంతో ప్రేమగా నా చెయ్యి తట్టి, “వద్దులేమ్మా, అద్దాలు మార్పిస్తే సరిపోతుంది” అంది.

ఇప్పుడు ఎవరి కబురు వాళ్ళ ఫోనులోనే వస్తుంది, ఎవరి కళ్ళతో వాళ్ళే చదువుకుంటారు, చదువు రానివాళ్ళకు ఆ ఫోనే చదివి వినిపిస్తుందట. మంచిదే, మామ్మ కోరుకున్నదీ అదే. కానీ ఒక తల్లి తన కొడుకు క్షేమాన్ని పదేళ్ళ పిల్ల నోటికి అప్పజెప్పి, ఎదురుగా నిశ్చింతగా కూర్చోవడం ఈ కాలప్పిల్లలు ఎరగరు. నేనెరుగుదును. దాన్ని పోగొట్టుకోవడానికి ఒక్క మాట చాలని కూడా ఎరుగుదును.