కారు పుచ్చుకున్న తీర్థం

డెబ్బైల్లో, దసరా వెళ్లిన వారం, సంతరోజున అరకులో ‘దేవుడున్నాడా, లేడా’ అని వాదసభ పెట్టారు. లేడని చెప్పడానికి నేను, ఉన్నాడని చెప్పడానికి ఒక పురాణ పండితుడు. పిలిచినవాళ్లు ఇద్దరికీ కలిపి ఒకే అద్దెకారు పంపారు. సంత చెదిరేలోగా చేరకపోతే వినేవాళ్లుండరు.

అనంతగిరి ఘాటీ ఎక్కుతుండగా డ్రైవరు ముందున్న మీటర్ల మధ్య ఎర్రగా ఏదో కనిపించింది.

“రేడియేటర్లో నీళ్లు తగ్గాయి. ఎర్రదీపం వెలుగుతోంది,” అన్నాను.

“లైటు కాదు బాబూ, బొట్టు. ఆయుధపూజకి నానే ఎట్టినాను,” అన్నాడు డ్రైవరు.

“బొట్టేనండీ. కుంకుమని చూసినా మీకు ప్రమాదమే కనిపిస్తుంది,” అన్నారు పండితులు.

ముందుకు వంగి బొటనవేలితో తుడిచాను. కుంకుమ వేలికి వచ్చింది. దాని కింద దీపం వెలుగుతూనే ఉంది. హెచ్చరిక మీద బొట్టు పెట్టి మూసేసి, ఆ బొట్టుకు దండం పెట్టడం మనకు కొత్తేమీ కాదు.

“చూశారా!” అన్నాను.

“బొట్టు ఉందా, లేదా?” అన్నారాయన.

ఇద్దరం గెలిచిన సంబరంలో ఉండగా బానెట్‌లోంచి ఆవిరి లేచింది.

ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. దగ్గర్లో వాగు లేదు. నీళ్లున్నది పండితుల రాగిచెంబులోనే.

“ఆ నీళ్లు ఇవ్వండి.”

“నా దగ్గర నీళ్లు లేవు. తీర్థం ఉంది. తీర్థమని అడగండి, ఇస్తాను.”

“అది ఉత్త హైడ్రోజను, ఆక్సిజను. మంత్రం చదివితే మారదు.”

“అయితే ఆ రెండూ గాలిలోంచి పట్టి పోసుకోండి.”

డ్రైవరు ఉండబట్టలేక, “సంత లేసిపోద్ది బాబూ! బేగి నాకియ్యండి తీర్థం,” అని చెయ్యి చాచాడు. పండితులు అలవాటుకొద్దీ ఉద్ధరిణెతో అరచేతిలో కాస్త పోశారు. డ్రైవరు అలవాటుకొద్దీ కళ్లకద్దుకుని తాగేసి, తడిచెయ్యి తలకు రాసుకున్నాడు. రేడియేటరు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

ఇక లాభం లేదని, పళ్లు కొరుకుతూ, “కారుకు తీర్థం పోయండి,” అన్నాను. ఆయన చెంబు బోర్లించారు.

చేరేసరికి సగం సంతే మిగిలింది. పండితులు లేచి ఒకే ఒక్క మాటన్నారు: “ఈ నాస్తికుడు దారిలో నన్ను తీర్థం అడిగాడు.”

జనం నావైపు తిరిగారు.

“నాకు కాదు, కారుకి!” అని అరిచాను.

ముందు వరుసలో అల్లం బుట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ తలెత్తింది.

“అయితే కారుకి దేవుడున్నాడన్నమాట. నీకే లేడేటి బాబూ?”