సర్వర్‌కి పసుపు రాసిన దసరా

మొన్న ఆయుధపూజ మర్నాడు పరవాడ మందుల కంపెనీలో సర్వర్లు చూసుకునే మా అమ్మాయి ఫోన్ చేసి, సర్వర్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ తెర నల్లగానే ఉంది, మూడేసి కూతలు కూస్తోంది అని చెబుతుంటే, కంగారుపడాల్సిన తండ్రిని పకపకా నవ్వాను. ఆ కూత నాకు పాత చుట్టం మరి.

ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాక, కొన్నాళ్లు అవీ ఇవీ చేసి, పోర్టు దగ్గర ఓడల ఏజెంటు ఆఫీసులో అటెండరుగా కుదిరాను. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆఫీసుకి ఒక్కటే సర్వర్, దానికి ఏసీ గది, మనకి కిటికీ గాలి. దసరాకి యంత్రాలన్నీ తుడిచి బొట్లు పెట్టమన్నారు మేనేజరు గారు. నేను ఏ పనైనా లోతుగా చేసే రకం కదా, సర్వర్ మూత విప్పి, బొగ్గు ధూళి తుడిచి, మెమరీ పట్టీల అంచులు బంగారంలా మెరుస్తుంటే ముచ్చటపడి, ఒక్కొక్కటే ఊడదీసి, గడపకి రాసినట్టు పసుపు రాసి మళ్లీ గుచ్చేశాను.

సెలవయ్యాక అది కూయడమే గానీ లేవలేదు. సరుకు కాగితాలన్నీ దాని పొట్టలో, ఓడేమో సముద్రంలో లంగరేసుకుని కూర్చుంది. గోపాలపట్నంలో కంప్యూటర్లు బాగుచేసే మా అక్క మొగుణ్ణి పిలిపించారు. ఆయన కరెంటు చూశాడు, వైర్లు మార్చాడు, వేరే తెర తగిలించాడు. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే బావ పరువు పోతుంది. గంటసేపు ఆయనకి స్క్రూలు అందించి చివరికి ఆయన చెవిలో ఊదాను.

“గడపనుకున్నావేటి బామ్మర్దీ?”

“మెరిసిపోతంటే నాను ఊరుకోగలనేటి బావా?”

గుమాస్తా బల్ల మీది పెన్సిల్ రబ్బరు నా చేతిలో పెట్టి, ఆ అంచులు రుద్దమన్నాడు. రబ్బరు అరిగేన్ని తప్పులు రాయకముందే బడి మానేసినవాణ్ణి, ఆ కొరత ఆ పూటే తీరింది. ఒక్క కూత కూసి సర్వర్ లేచింది. అంతా ఉప్పుగాలి మహిమ అని బావ నన్ను దాచబోయాడు గానీ, నా నోరు ఆగక మేనేజరు గారికి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నన్ను తీసెయ్యకుండా, మా బావ దగ్గర పని నేర్చుకున్నాకే మళ్లీ దాని మీద చెయ్యి వెయ్యమన్నారు. ఆ నేర్చుకున్న పనే తర్వాత నాకు అన్నం పెట్టింది, అమ్మాయిని చదివించింది.

అందుకే మొన్న అమ్మాయికీ ఫోన్‌లో మెమరీ పట్టీలు తీసి, తుడిచి, గట్టిగా నొక్కి చూడమన్నాను. కాసేపటికి లేచిందని మళ్లీ ఫోన్ చేసింది. పసుపు ఎవరు రాశారని అడిగితే, వాళ్ల సర్వర్ గదిలోకి వేలిముద్ర లేనిదే ఎవరూ అడుగుపెట్టలేరట. నాలాంటి భక్తుల నుంచి వాటికి మంచి రక్షణే, కానీ ఏడాదికోసారి తుడిచి బొట్టు పెట్టే దిక్కు కూడా లేకపోయిందే అని కాస్త బెంగగానే అన్నాను.

“పసుపుని లోపలికి రానీకపోతే ఏటి నాన్నా, గది గడపకి నిన్న నానే పసుపు రాసినాను” అంది.

మా ఇంట్లో మొత్తానికి ఒకరు గడపని గుర్తుపట్టారు.