ఇసుక మీద ఊగిన పడవ

దయ్యాల ముచ్చట మొదలైతే మధ్యలోనే లేచి టీ తాగడానికి పోయే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఆ ఏడాది కృష్ణ ఒడ్డున జరిగినదాన్ని మాత్రం, అడిగినవాళ్లకు దాచకుండా చెబుతాను.

మాది గద్వాల. చీరలు నేసేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మగ్గం పని బాగా తగ్గింది. అప్పుడే మా అక్క భర్త సాయన్న ఒక పాత జంట పడవ కొన్నాడు. రెండు చెక్క పడవల్ని పక్కపక్కన ఉంచి, పైన బల్లలు బిగించి, మధ్యలో తెరచాప కొయ్య నిలబెట్టిన పడవ అది. కొల్లాపూర్ దిగువన ఒక రేవులో ఏళ్ల తరబడి ఇసుకలోనే పడి ఉంది. దాన్ని బాగుచేసి జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించాలని ఆయన ఆలోచన.

"నువ్వు తెరచాప కుట్టు బామ్మర్దీ, చెక్కపని నేను చూసుకుంట. ఇద్దరం బతుకుదం" అన్నాడు.

అద్దె ఇల్లు ఖాళీ చేసి, నేనూ నా భార్య పద్మా పడవ మీదికే కాపురం మార్చాం. బల్లల మీద తడికెలతో గది కట్టుకున్నాం. వంట కింద ఇసుకలో, పడక పైన. అప్పటికి పద్మ కడుపుతో ఉంది. బావ రేవు పక్క ఊళ్లో ఉంటూ రోజూ వచ్చేవాడు.

ఎండాకాలం. నీళ్లు బాగా వెనక్కి పోయాయి. పడవ కింద దుంగలు వేసి, పక్కల రాళ్లు పేర్చి కదలకుండా చేశాం. బావ పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి వేసేవాడు, సందుల్లో దూది కూరి తారు పూసేవాడు. నేను మందపాటి బట్ట ఒళ్లో వేసుకుని కుడుతూ కూర్చునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం పద్మ బియ్యం ఏరుతూ చేట పక్కన పెట్టింది.

"పడవ ఊగుతున్నది" అంది.

వేవిళ్లతో తల తిరుగుతోందనుకుని, జర నీళ్లు తాగి పడుకోమన్నాను.

మరునాడు నాకే తెలిసింది. ఎడమ పక్క మెల్లగా కిందికి దిగి, మళ్లీ సర్దుకుంది. ఒడ్డు మీది నుంచి మనిషి కాలు పెట్టి ఎక్కితే పడవ ఎట్లా కదులుతుందో అచ్చం అట్లాగే. కాసేపాగి ఇంకోసారి. చెంబులో నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి. గాలి లేదు. దిగి చూశాను. దుంగలూ రాళ్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇసుకలో మా అడుగులు తప్ప వేరేవి లేవు.

తరువాత తరచుగా జరిగేది. ఒకసారి బావ కింద చెక్కకు చెయ్యి ఆనించి ఉండగానే జరిగింది. చటుక్కున చెయ్యి తీసేసుకున్నాడు.

"ఎండకు చెక్క గుంజుకుంటది, గంతే" అన్నాడు. కానీ ఆ సాయంత్రమే, పడవను విప్పి కట్టెలకు అమ్మేద్దామన్నాడు.

పద్మ ఒప్పుకోలేదు. "ఇల్లిడిచి వచ్చినం, ఇప్పుడు యాడికి పోవాలె అన్నా? ఎక్కెటోళ్లను ఎక్కనీ. మనల ఏమన్న అన్నరా?"

వానలు పడి నీళ్లు పడవ దాకా వచ్చాయి. ఒక పొద్దున ముగ్గురమే ఎక్కి, గడలతో నెట్టి దాన్ని లోతు నీళ్లలోకి తోశాం. పడవలో మేమూ మా వంటసామానూ తప్ప ఏమీ లేదు. అయినా అది బల్లల దగ్గరి దాకా మునిగింది. ఎక్కడో కారుతోందని బల్లలు లేపి చూశాం. రెండు పడవల్లోనూ లోపల చుక్క నీరు లేదు.

బావ బల్ల మళ్లీ మూసేశాడు. "నిండ మనుషులున్నట్టు ఉన్నది చెల్లె" అన్నాడు.

పద్మ కడుపు మీద చెయ్యి వేసుకుని అవతలి ఒడ్డు వంక చూసింది. "అవతలికి పోదం అన్నా. దాటాలనే ఎక్కిన్రేమో" అంది.

తెరచాప ఎత్తాం. గాలి బాగానే ఉన్నా పడవ బరువుగా, నిదానంగా సాగింది. బావ బల్లల వంక చూడకుండా చుక్కాని పట్టుకున్నాడు. నాకు వింతగా అనిపించిందేమిటంటే, నాలో భయం లేదు. ఇరుకు బస్సులో నలుగురి మధ్య కూర్చున్నట్టుంది.

అవతలి ఒడ్డుకు ఆనగానే పద్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. పడవ ఎడమ పక్కకు దిగి, లేచింది. మళ్లీ దిగి, లేచింది. లేచిన ప్రతిసారీ కొంచెం పైకి తేలింది. పక్కచెక్కల మీది తారు తడితో మెరుస్తూ, నీళ్లలోంచి బెత్తెడు, ఆపైన జానెడు బయటికి వచ్చింది. చివరికి నిశ్చలంగా నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు బెండులా తేలిపోయింది.

ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ పడవ నడిపాం. మళ్లీ ఎన్నడూ అట్లా జరగలేదు. బావ ముందర ఆ మాట ఎత్తితే "పని చూస్కో" అంటాడు. వాళ్లెవరని పద్మను అడిగితే ఆమెకూ తెల్వదు. "మంచిగ దిగి పోయిన్రు గద, ఇంకేం గావాలె" అంటుంది.

నాకు మాత్రం అంతటితో ఆగదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఖాళీ పడవ ఎందుకు మునిగిందో, ఏ బరువు దిగిపోతే తేలిందో ఇప్పటికీ చెప్పలేను.