మనవుల పెట్టెలో గుండె ఫోటోల కవరు

ఈ ఉదయం ఉపవాస ప్రార్థనకు ముందు, నేను పాస్టరుగా ఉన్న మందిరంలో జనం ప్రార్థన మనవులు రాసి వేసే పెట్టె తెరిచాను, నెలకోసారి తెరుస్తాను. చీటీల మధ్య పెద్ద కవరొకటి, అంటించింది అంటించినట్టే ఉంది. పైన నరసరావుపేట డాక్టరు గారి పేరు, కింద రోగి పేరు. పత్తి మిల్లులో బేళ్లు మోసే, ఒకసారి గుండెపోటు వచ్చిన యోహాను పరీక్ష కాగితాలవి. మూడు వారాల క్రితం హైదరాబాదులో అతన్ని కదిలే బెల్టు మీద నడిపించి, అలిసిన గుండెకు రక్తం ఎంత అందుతోందో ఫోటోలు తీసి, డాక్టరుకివ్వమని పంపారు.

అతని భార్య మరియమ్మను పిలిచి, ఇది డాక్టరుకివ్వకుండా పెట్టెలో ఎందుకేశారని అడిగాను.

“తెరిస్తే అందులో ఉన్నదే ఖాయమైద్దని భయం అయ్యగారూ. ముందు మీరు ప్రార్థన చేస్తే మంచిగా మారిద్దిగా.”

“ఈ మూడు వారాలూ నీ మొగుడు బేళ్లు మోశాడా?”

“మోశాడు.”

ఒళ్లు మండిపోయి, మందిరమంతా వినబడేలా అరిచాను. లేఖనంలో జబ్బుపడ్డ ఒక రాజుకు దేవుడు చావు కబురు ముందే చెప్పించాడు. రాజు ఏడిస్తే ఆయుష్షు పెంచాడు, పుండుకు మందుగా అంజూరపు పండ్ల ముద్ద కూడా వేయించాడు. కబురే వినకపోతే ఆ రాజు దేనికని ఏడ్చేవాడు?

ఇద్దరినీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన చదివి, ఇంకోసారి గుండెపోటు వస్తే బతకడం కష్టమని, బరువు ముట్టొద్దని, వెంటనే మద్రాసు వెళ్లి ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు.

“మరి ప్రార్థనో?” అన్నాడు యోహాను.

“ముందు రైలెక్కు. పక్కన కూర్చుని దోవంతా చేస్తా.”

ఆడమనిషి మీద మందిరంలో అంతగా అరవాలా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. ఇది చదివే మీరైతే ఎంత మెల్లగా చెప్పేవారో, నేను తిరిగొచ్చాక ఆదివారం మందిరానికి వచ్చి చెప్పండి, వింటాను.